పాలమూరు, నల్లగొండ గొంతులు: కాసెట్ నుంచి ఫైలు దాకా (ప్రాజెక్టు డైరీ)

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మౌఖిక విభాగం అంటే ఇనుప బీరువాల్లో పేర్చిన కాసెట్లే. కథాగానాల మీద పరిశోధన చేసినవాళ్లు ఊళ్లలో రాత్రంతా కూర్చుని రికార్డు చేసినవి కొన్ని. సాయుధ పోరాటం చూసినవాళ్లు, వలస కూలీలు, ముంపు గ్రామాలవాళ్లు చెప్పుకున్న సంగతులు మరికొన్ని. ఎక్కువ సీ60, సీ90 కాసెట్లు (రెండు పక్కలూ కలిపి 60, 90 నిమిషాలవి). పావు అంగుళం రీళ్లు, మైక్రోకాసెట్లు, సీడీలు కొద్దిగా ఉన్నాయి. వీటిలోని ధ్వనిని కంప్యూటర్ ఫైళ్లుగా దింపుతున్నాం. ఇదే పనికి దిగాలనుకునే కళాశాలలకు, ఇళ్లలో పాత కాసెట్లు దాచుకున్న కుటుంబాలకు ఉపయోగపడాలని పని సాగిన వరసలోనే రాస్తున్నాం.

జూన్: ముందు కాగితం

డెక్కు (కాసెట్ ఆడించే యంత్రం) కొనకముందే తేల్చుకోవలసిన పని ఒకటుంది. ప్రతి కాసెట్‌నూ దానికి సంబంధించిన కాగితంతో ముడివేయాలి. ధ్వని ఎంత శుభ్రంగా దిగినా, పాడింది ఎవరు, ఏ ఊళ్లో, ఏ ఏడు, ఏ సందర్భంలో అన్నది తెలియకపోతే అది సగం సొత్తే. ఆ వివరం చాలాసార్లు కాసెట్ మీద ఉండదు. లోపలి కార్డు వెనకవైపునో, పెట్టె అడుగున చీటీలోనో, పరిశోధకుడి నోటుపుస్తకంలోనో ఉంటుంది. అందుకే పెట్టె తెరవగానే, ఏదీ కదపకముందే పైనుంచి ఒక ఫొటో తీస్తున్నాం. తర్వాత ఒక్కో కాసెట్ రెండు పక్కలు, వెన్ను, కార్డు రెండు వైపులా. పెట్టెలో పేర్చిన వరసే చాలాసార్లు రికార్డు చేసిన వరస. ఒకసారి చెదిరితే దాన్ని మళ్లీ కట్టడం కష్టం.

పట్టికలో లేబుల్ కోసం రెండు గడులు పెట్టాం. మొదటి గడిలో కాసెట్ మీద ఏముందో అక్షరం మార్చకుండా, తప్పుంటే తప్పుతోనే ఎక్కిస్తాం. రెండో గడిలో మనకు అర్థమైనది రాస్తాం. ఈ రెండూ కలిసిపోతే తర్వాత వచ్చినవాళ్లకు ఏది ఆధారం, ఏది ఊహ అన్నది తెలియదు. కొత్త నంబరు కార్డు మీద మెత్తటి పెన్సిల్‌తో వేస్తాం. కాసెట్ ఒంటి మీద కాగితపు స్టిక్కర్ వద్దు. జిగురు ఎండి అంచు లేస్తే డెక్కులో ఇరుక్కుంటుంది.

ఇంకా డెక్కు దగ్గరికి పోకముందే, కాసెట్ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచేయాలి. ఒక పక్కను మనవైపు తిప్పి పట్టుకుంటే ఎడమవైపు పలక ఆ పక్కకు చెందినది. అది విరిగితే రికార్డు మీట దిగదు. ఒక్క వేలు పొరపాటుతో నలభై ఐదు నిమిషాల గొంతు చెరిగిపోయే ప్రమాదం అక్కడితో పోతుంది.

జిల్లా పేరు దగ్గర ఎక్కువ సమయం పట్టింది, పట్టాలి కూడా. లేబుల్ మీద ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అని ఉన్న ఊరు ఇప్పుడు ఎక్కడైనా ఉండొచ్చు. 2016 అక్టోబర్ 11న పాత జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్‌కు పోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరుపడింది. పాత నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. పోరాట కాలం నాటి ఇంటర్వ్యూల్లో ఇంకో మెలిక ఉంది. దొడ్డి కొమరయ్య 1946 జులై 4న అమరుడైన కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లా కింద ఉండేది, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. కాబట్టి చెప్పిన సంగతి నాటి జిల్లా, రికార్డు నాటి జిల్లా, ఇప్పటి జిల్లా అని మూడు గడులు.

కృష్ణ ఒడ్డు ఊళ్లకు మూడు గడులూ చాలవు. శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లు ఎన్నో మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఊరు నీళ్లలో ఉండి, పేరు మాత్రం పునరావాస కాలనీకి మిగిలిన చోట్ల పాత స్థలం, కొత్త స్థలం రెండింటినీ మ్యాపులో విడివిడిగా గుర్తిస్తున్నాం. ‘మా ఊరు’ అని మాట్లాడిన మనిషి ఏ ఊరి గురించి చెబుతున్నాడో ఇంటర్వ్యూ విని తేల్చుకోవాలి.

ఏడు తేల్చడానికి ఒక ఆనవాళ్ల పట్టిక గోడకు అంటించుకున్నాం. పెద్దవాళ్లు ఏడాది అంకె చెప్పరు. ‘పోలీసు యాక్షన్ అయిన ఏడు’ అంటారు, అది 1948 సెప్టెంబర్. ‘సాగర్‌కు పునాది రాయి ఏసినప్పుడు’ అంటే 1955 డిసెంబర్. ‘కాలువకు నీళ్లొదిలినంక’ అంటే 1967 ఆగస్టు తర్వాత. నిజాం నాటి కాగితాలు చూపించి మాట్లాడినవాళ్లు ఫస్లీ (నిజాం నాటి రెవెన్యూ ఏడు) లెక్క చెబుతారు. దానికి 590 కలిపితే ఆ ఫస్లీ మొదలైన క్రీస్తుశకం వస్తుంది. హైదరాబాద్ సంస్థానంలో ఆ ఏడు అక్టోబర్‌లో మొదలయ్యేది కనుక 1357 ఫస్లీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ దాకా. పోలీసు చర్య అందులోనే పడుతుంది.

జులై: డెక్కు, హెడ్డు, స్థాయి

డెక్కు ఎంపికలో ఒక్కటే పట్టుదల: ఒకవైపే నడిచేది కావాలి. ఆటోరివర్స్ డెక్కుల్లో టేపును చదివే హెడ్డు తిరుగుతూ ఉంటుంది కనుక దాని నిలువు కోణం స్థిరంగా ఉండదు. పాత డెక్కు తెచ్చాక ముందు మార్చాల్సింది రబ్బరు బెల్టు. గట్టిపడినా సాగినా వేగం అలలా ఊగుతుంది. సాగదీసి పాడే రాగంలో ఆ ఊగిసలాట ముందుగా వినిపిస్తుంది. వేగం సరిచూడటానికి 3150 హెర్ట్జ్ టెస్టు టేపు వాడాలి. కొత్త సినిమా పాటల కాసెట్ వేసి ‘సరిగానే ఉంది’ అనుకోవడం పనికిరాదు.

హెడ్డును, టేపును లాగే ఇనుప క్యాప్‌స్టన్‌ను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడుస్తాం. రబ్బరు రోలర్‌కు ఆల్కహాల్ ఎక్కువ తగలనివ్వం, అది ఎండి పగులుతుంది. తడిబట్టతో తుడిచి ఆరబెడితే చాలు. దూది మీద గోధుమరంగు దిగడం ఆగేదాకా తుడవాలి. పాత టేపులు పొడి రాలుస్తాయి కనుక ప్రతి రెండు మూడు కాసెట్లకూ ఇది తప్పదు.

హెడ్డు కోణం ప్రతి కాసెట్‌కూ, కొన్నిసార్లు ప్రతి పక్కకూ విడిగా చూడాలి. పొలంలో, గుడి ముందర రికార్డు చేసిన చిన్న రికార్డర్ల హెడ్లు ఒక్కోటి ఒక్కో వాలున ఉండేవి. హెడ్డుకు రెండు స్క్రూలుంటాయి. స్ప్రింగు ఉన్నదాన్నే కదపాలి, రెండోది ముట్టుకోవద్దు. ఎడమ, కుడి చానళ్లను ఒక్కటిగా కలిపి వింటూ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పితే ‘స’, ‘చ’ అక్షరాలు, తాళాల గలగల ఒకచోట పదునెక్కుతాయి. అక్కడ ఆపాలి. చెవి అలసిపోతే స్పెక్ట్రోగ్రామ్ (ధ్వనిని తెర మీద వెలుగుగా చూపే పటం) చూడొచ్చు. 8 కిలోహెర్ట్జ్ పైన వెలుగు పెరిగిన చోటు అదే. ఈ పని మానేసి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ‘ట్రెబుల్’ పెంచితే హిస్ (టేపు సరసర) పెరుగుతుంది తప్ప మాట తేటపడదు.

చాలా ఇంటర్వ్యూలు మోనో రికార్డర్లతో చేసినవే. అయినా స్టీరియోలోనే దింపుతున్నాం. కాసెట్‌లో మోనో ట్రాకు రెండు స్టీరియో ట్రాకుల వెడల్పునూ ఆక్రమిస్తుంది, కాబట్టి ఒకే మాట రెండు చానళ్లలో వస్తుంది. టేపు అంచు నలిగితే దెబ్బ ఎడమ చానల్‌కు తగులుతుంది, ఎందుకంటే అది అంచున ఉంటుంది. అప్పుడు కుడి చానల్ ఆదుకుంటుంది.

డాల్బీ (హిస్ తగ్గించే ఏర్పాటు) మీట ఆపే ఉంచాలి. ఊళ్లలో వాడిన రికార్డర్లలో డాల్బీ ఉండేది కాదు. లేనిదాన్ని విప్పబోతే పై స్వరాలు మొద్దుబారతాయి. మామూలు ఫెర్రిక్ టేపుకు 120 మైక్రోసెకన్ల సరిచూపు (ఈక్వలైజేషన్), క్రోమ్ టేపుకు 70. క్రోమ్ కాసెట్ వెన్నున, విరిచే పలకల పక్కన అదనపు గాట్లుంటాయి. అవి చూసి డెక్కు మీట సరిగా పడిందో లేదో గమనించాలి.

సౌండ్‌కార్డులో 96 కిలోహెర్ట్జ్, 24 బిట్. అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం మార్గదర్శకాలు కనీసం 48 కిలోహెర్ట్జ్ అంటాయి, మేలైనది 96. ఎక్కువ శబ్దం వచ్చే చోట మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా స్థాయి పెట్టి, ఒక పక్క పూర్తయ్యేదాకా కదపకూడదు. కంప్యూటర్‌లోని ‘సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్’లన్నీ మూసేయాలి. డెక్కు ఒక ప్లగ్గులో, ల్యాప్‌టాప్ చార్జర్ ఇంకో ప్లగ్గులో ఉంటే సన్నటి గుయ్యిమనే మోత దిగుతుంది. రెండూ ఒకే బోర్డు మీద పెట్టాలి, లేదా ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపాలి. కరెంటు పోతే డెక్కు టేపును నొక్కిపట్టి ఆగిపోతుంది. కాబట్టి యూపీఎస్ కంప్యూటర్‌కే కాదు, డెక్కుకూ కావాలి.

ఆగస్టు: బూజు, ఊడిన ప్యాడ్లు, తెగిన కొసలు

వానాకాలం తేమకు కొన్ని పెట్టెల్లో బూజు బయటపడింది. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి పొడి, లేదా దారాల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. అలాంటిదాన్ని వెంటనే జిప్ కవరులో వేరుచేసి, ఆ పెట్టెలో మిగతావన్నీ మళ్లీ చూడాలి. డెక్కులో వేయకూడదు. వేస్తే హెడ్డు మీదుగా తర్వాతి కాసెట్లకు అంటుతుంది. పొడిగా ఉన్న గదిలో, సిలికా జెల్‌తో మూతపెట్టె లోపల ఆరనిచ్చి, బూజు పూర్తిగా పొడిబారాకే ఎన్95 మాస్కు వేసుకుని మెత్తటి కుంచెతో తుడవాలి. తడి తగలనివ్వకూడదు. నిల్వ గదిలో తేమ 50 శాతం లోపు నిలపడమే అసలు మందు. పాతిక రూపాయల సిలికా సంచి ఈ పని చేయదు, డీహ్యూమిడిఫైయర్ కావాలి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన కాసెట్‌ను ఒక రోజు అలాగే ఉంచాలి, లేకపోతే దాని మీద చెమ్మ పడుతుంది.

ఎక్కువగా వచ్చే జబ్బు ఫెల్ట్ ప్యాడ్ ఊడిపోవడం. కాసెట్ కింది అంచున మధ్యలో, రాగి రేకు మీద అతికించిన ముక్క అది. టేపును హెడ్డుకు ఒత్తేది అదే. జిగురు ఎండి అది రాలితే మాట దూరం నుంచి వినిపిస్తున్నట్టు మసకబారుతుంది, మధ్యమధ్యలో మాయమవుతుంది. టేపు పాడైందని పక్కన పడేసినవాటిలో ఎన్నో నిజానికి ప్యాడ్ ఊడినవే. ప్యాడ్ తిరిగి అతికించడంకన్నా టేపును కొత్త డబ్బాలోకి మార్చడమే నమ్మకం.

దానికి ఐదు స్క్రూల ఖాళీ కాసెట్ ఒకటి కావాలి. దొరకకపోతే కొత్త ఖాళీ కాసెట్ విప్పి వాడొచ్చు, సీ60 అయితే మంచిది. పాతదాన్ని బల్ల మీద ‘ఎ’ పక్క పైకి పెట్టి స్క్రూలు తీసి, పై సగాన్ని నిలువుగా పైకెత్తాలి. పక్కకు జరిపితే టేపు చుట్టలు లేస్తాయి. జారుడు పల్చటి ప్లాస్టిక్ షీట్లు రెండు ఉంటాయి, వాటి వంపు ఏవైపు ఉందో ఫొటో తీసుకోవాలి. రెండు చుట్టలనూ ఒకేసారి, మధ్యలో వేలాడే టేపుతో సహా ఎత్తి కొత్త డబ్బాలో దించాలి. టేపు రోలర్ల బయటినుంచి, ప్యాడ్‌కూ కవచపు రేకుకూ ముందునుంచి పోవాలి. గోధుమరంగు పూత ఉన్న ముఖం బయటికి, అంటే హెడ్డు వైపుకు ఉండాలి. మూసి, స్క్రూలు మెల్లగా బిగించి, పెన్సిల్‌తో రెండు వైపులా తిప్పి చూసి, అప్పుడే డెక్కులో వేయాలి. స్క్రూలు మరీ బిగిస్తే చుట్ట రాసుకుని కీచుమంటుంది. స్క్రూలు లేకుండా అతికేసిన డబ్బాలైతే అతుకు వెంట పదును బ్లేడు పెట్టి వంచి విడదీయాలి. టేపు ఉన్న వైపు నుంచి కాకుండా పై అంచు నుంచి మొదలుపెట్టాలి. పాత డబ్బాను పారేయం. లేబుల్ దాని మీదే ఉంది.

తెగిన చోట 3.81 మిల్లీమీటర్ల స్ప్లైసింగ్ టేపు మాత్రమే వాడాలి, అదీ వెనకవైపే. కొందరు అప్పట్లో మామూలు సెల్లోటేపు అంటించారు. దాని జిగురు ఎండకు కరిగి పక్క పొరలకు పాకింది. అలాంటి అతుకును ఐసోప్రొపైల్ చుక్కతో నానబెట్టి తీసి, కొత్తది వేయాలి. నలిగిన భాగాన్ని కత్తిరించకూడదు. ఒక సెకను మసకగా ఉన్నా అది ఉండాలి.

సీ120లు అతి సన్నటివి, టేపు మందం దాదాపు 9 మైక్రాన్లే. సీ90లో దాదాపు 12, సీ60లో దాదాపు 18. సీ120ను ఫాస్ట్ ఫార్వర్డ్ చేయవద్దు, ప్లే వేగంతోనే ఒకసారి చివరిదాకా నడిపి, తిప్పి, దింపాలి. సన్నటి టేపుల్లో ఒక పొర అయస్కాంతం పక్క పొరకు అంటి, మాటకు ముందో వెనకో నీడలా అదే మాట వినబడుతుంది. దింపేముందు రెండు మూడుసార్లు అటూ ఇటూ నడిపితే ఆ నీడ కొంత తగ్గుతుంది.

సెప్టెంబర్, అక్టోబర్: వేగం కథ, రాత్రి కథ

బ్యాటరీల మీద రికార్డు చేసిన టేపు వింటుంటే గొంతు మెల్లమెల్లగా సన్నబడుతూ, పాట వేగం పుంజుకుంటుంది. రికార్డు చేసేటప్పుడు సెల్లులు నీరసించి మోటారు నెమ్మదించింది. ఇప్పుడు మామూలు వేగంతో వింటున్నాం కనుక పైకెక్కుతోంది. 6 శాతం తేడా అంటే హార్మోనియం మీద పక్క మెట్టంత. మాస్టర్ ఫైలులో (మార్పు చేయకుండా దాచే ప్రతిలో) దీన్ని సరిచేయం. వినే ప్రతిలో మాత్రం ధ్వని సవరించే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలోని టైమ్ ట్రాక్‌తో వంపు గీసి దించుతాం, ఎంత దించామో పట్టికలో రాస్తాం.

వేగానికి ఆనవాలుగా కరెంటు హమ్మును పట్టుకోమని విదేశీ పుస్తకాలు చెబుతాయి. ఇక్కడ అది జాగ్రత్తగా వాడాలి. 1980లు, 90లలో మన దక్షిణ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ వద్ద నిలిచేది కాదు, లోడ్ ఎక్కువైన వేళ 48 దాకా దిగేది. ఆ హమ్మును 50 అనుకుని సరిచేస్తే గాయకుడి శ్రుతినే మార్చినవాళ్లమవుతాం. హార్మోనియం ఉంటే దాన్ని ఆధారం చేసుకోవడం మేలు. దాని రీడు ఒకే రాత్రిలో స్వరం మార్చదు.

డప్పు, డోలు విషయంలో ఇంకో సూక్ష్మం ఉంది. చలి రాత్రుల్లో మంచుకు చర్మం సడలి డప్పు స్వరం దిగుతుంది, మంట మీద కాపగానే ఎక్కుతుంది. గొంతూ డప్పూ కలిసి మారితే టేపు వేగం తేడా. డప్పు ఒక్కటే మారితే అది చర్మం, ముట్టుకోవద్దు.

రాత్రంతా సాగిన ఒగ్గు కథకు ఐదారు సీ90లు పడతాయి. వాటి మీద ‘మల్లన్న కథ’ అని ఉంటుంది తప్ప వరస అంకె ఉండదు, ఉన్నా ఒకటి తప్పి ఉంటుంది. వరస కట్టడానికి మొదట ప్రతి పక్క మొదటి రెండు నిమిషాలు, చివరి రెండు నిమిషాలు రాసుకుంటాం. ప్రార్థనతో మొదలయ్యేది, మంగళహారతితో ముగిసేది దొరికితే రెండు కొసలు తేలినట్టే. మధ్యవాటికి కథ సాయం చేస్తుంది. బలిజ మేడలమ్మ పెళ్లి, గొల్ల కేతమ్మ పెళ్లి ఏ టేపులో ఉన్నాయో చూడాలి. కానీ అచ్చయిన పుస్తకం వరసను రుద్దకూడదు, ఒక్కో మేళం ఒక్కో తీరుగా నడుపుతుంది. ప్రధాన కథకుడి గొంతు రాత్రి ముదిరేకొద్దీ బొంగురుపోవడం, జనరేటర్ ఆగిన చోటు, తెల్లవారుజామున కోడి కూత, ఇవన్నీ ఆధారాలే. పక్క తిప్పేటప్పుడు కథకుడు ఆగడు. ఆ ఖాళీని ‘పక్క మార్పు, కొంత లోపం’ అని గుర్తు పెడతాం, రెండు ఫైళ్లను అతికి నున్నగా చేయం.

ఈ టేపుల్లో మరో గుణం కనిపిస్తుంది. డోలు దెబ్బ పడగానే పాట అణగిపోయి, ఒక క్షణం తర్వాత తిరిగి లేస్తుంది. రికార్డర్‌లోని ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్ చేసిన పని అది. దాన్ని వెనక్కి తిప్పలేం. కంప్రెసర్ వేస్తే ఇంకా పాడవుతుంది.

ఎవరు పాడారు అన్నదాంతోపాటు ఎవరికి పాడారు అన్నది కూడా నమోదు కావాలి. ఈ కథలు చాలావరకు దాతృ కులాల (తమను పోషించే కులాల) ముందు పాడే హక్కుతో ముడిపడినవి. చిందు, డక్కలివారు మాదిగలకు, మందహెచ్చులవారు గొల్లలకు, కూనపులివారు పద్మశాలీలకు, కాకిపడగలవారు ముదిరాజులకు చెబుతారు. అదే కథ ఎవరి వాకిట్లో పాడారన్న దాన్నిబట్టి వంశావళి భాగం సాగుతుంది, కుదించుకుంటుంది. లేబుల్ మీద కించపరిచే మాట ఉంటే ‘లేబుల్ ఉన్నది ఉన్నట్టు’ గడిలో మాత్రమే ఉంచి, వివరణ గడిలో ఆ బృందం తమను తాము పిలుచుకునే పేరు రాస్తాం. వాద్యం పేరు కూడా అంతే కచ్చితంగా ఉండాలి. నాగర్‌కర్నూల్ వైపు దర్శనం మొగులయ్యకు 2022లో, నారాయణపేట వైపు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చాక కిన్నెర, బుర్రవీణ అన్న పేర్లు వెతికేవాళ్లు పెరిగారు. రెండింటినీ ‘వీణ’ కింద కలిపేస్తే ఎవరికీ దొరకవు.

నవంబర్: రీళ్లు

ఇవి కొన్నే. దీపానికి ఎదురుగా చుట్టను పట్టుకుంటే వెలుగు దూరితే అసిటేట్, దూరకపోతే పాలియెస్టర్. అసిటేట్‌కు పుల్లటి వెనిగర్ వాసన వస్తే వేరే గదిలో పెట్టి ముందుగా దింపాలి. వేడి చూపించకూడదు. 1970, 80ల పాలియెస్టర్ రీళ్లలో కొన్ని హెడ్డుకు అతుక్కుని కీచుమంటాయి. పూతను పట్టి ఉంచే పాలియురెథేన్ తేమను పీల్చి విరిగిపోవడం దీనికి కారణం. వాటిని మాత్రమే 50 నుంచి 54 డిగ్రీల వద్ద, ప్రయోగశాల ఇంక్యుబేటర్‌లో ఎనిమిది గంటలు, సన్నటి రీళ్లకు కొంచెం తక్కువ, వేడి చేసి చల్లారాక దింపాలి. వంటింటి ఓవెన్ పనికిరాదు, దాని వేడి ఒక్కచోట నిలవదు.

డిసెంబర్: ఫైళ్లు, లెక్కలు

96 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో అంటే నిమిషానికి 34.56 ఎంబీ, గంటకు దాదాపు 2.07 జీబీ. వంద గంటలకు 207 జీబీ. 4 టీబీ డిస్కులో 1,900 గంటలు పడతాయి. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటదు, అంటే రెండు గంటల నాలుగు నిమిషాల దగ్గర ఆగుతుంది. పక్కకొక ఫైలు చేస్తే ఈ చిక్కు రాదు. ఆడాసిటీ మామూలుగా 32 బిట్ ఫ్లోట్‌లో పనిచేస్తుంది. ఎగుమతిలో 24 బిట్ అని ఎంచి, డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నటి మోత) ఆపాలి.

ఫైలు పేరులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అడ్డగీతలే: ప్రాంతం, మాధ్యమం, నాలుగంకెల క్రమసంఖ్య, పక్క. మనిషి పేరు ఫైలు పేరులో వద్దు, రేపు ఆ గుర్తింపు తప్పని తేలితే ఫైలు పేరే అబద్ధమవుతుంది. వివరాలు బ్రాడ్‌కాస్ట్ వేవ్ ఫైలు లోపలి గడుల్లో కొద్దిగా, పట్టికలో పూర్తిగా ఉంటాయి. ప్రతి ఫైలుకూ దానిలో ఏ కొంచెం మారినా మారిపోయే ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క తీసి, బ్యాగ్‌ఇట్ సంచిగా (ఫైళ్లు, వాటి లెక్కల జాబితా ఒకేచోట) కట్టి, మూడు చోట్ల పెడుతున్నాం: గ్రంథాలయ సర్వర్, బీరువాలో ఒక డిస్కు, వేరే భవనంలో ఇంకో డిస్కు. కాపీ ముగిసినప్పుడల్లా లెక్క సరిపోల్చాలి. ఏడాదికోసారి మళ్లీ. ‘కాపీ పూర్తయింది’ అని తెర మీద పడ్డ మాట రుజువు కాదు.

జనవరి: రాత, వెతుకులాట

ఇంటర్వ్యూలను ధ్వనికి రాత జతచేసే సాఫ్ట్‌వేర్ ఎలాన్‌లో సమయం గుర్తులతో రాస్తున్నాం. ‘వచ్చిన్రు’, ‘పోయిండ్రు’, ‘జెప్తున్న’ అన్నవాటిని పుస్తక భాషలోకి మార్చం. వెతకడానికి మాత్రం సారాంశాన్ని మామూలు తెలుగులో వేరుగా రాస్తాం. వలస ఇంటర్వ్యూల సూచికలో ‘గుంపు మేస్త్రి’ అన్నది తప్పనిసరి పదం. ‘కాంట్రాక్టర్’ అని మార్చితే పాలమూరు కూలి వ్యవస్థ గురించి వెతికేవాళ్లకు అది దొరకదు. దేవరకొండ తండాల ఇంటర్వ్యూలు లంబాడీలో, పట్టణాలవి కొన్ని దక్కనీలో ఉన్నాయి. ఒకే వాక్యంలో భాష మారిన చోట ఆ ముక్కకే భాష సంకేతం పడాలి. లంబాడీని తెలుగు లిపిలో రాస్తున్నాం, రాసినవాళ్లు ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లే అయి ఉండాలి.

పాత పరిశోధకులు టైపు చేసి ఇచ్చిన రాతలు యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో ఉన్నాయి. యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఒత్తులు, అంకెల దగ్గర తప్పుతాయి. మార్చినవన్నీ మనిషి కళ్లతో చదవాల్సిందే. వెతుకులాటలో ఇంకో చిక్కు ఉంది. ‘మహబూబ్‌నగర్’లో బ్ తర్వాత కనపడని విడదీత అక్షరం ఉంటుంది. ఒకరు అది ఉంచి, ఒకరు లేకుండా టైపు చేస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పదాలు. సూచిక తయారుచేసేటప్పుడు ఆ అక్షరాన్ని తీసేయించాం, వెతికే మాటలోనూ కంప్యూటర్ దాన్ని తీసేస్తుంది. నల్గొండ, నల్లగొండ, నీలగిరి; పాలమూరు, మహబూబ్‌నగర్ వంటి జంటలకు పర్యాయపదాల పట్టిక వేరు.

ఫిబ్రవరి: హక్కు, గుర్తింపు

1957 కాపీరైటు చట్టం ప్రకారం ప్రదర్శకుడి హక్కు ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది నుంచి 50 ఏళ్లు ఉంటుంది. పరిశోధకుడు కాసెట్ ఇచ్చాడు కదా అని పాడినవాళ్ల హక్కు గ్రంథాలయానికి రాదు. అందుకే అనుమతిని మూడు మెట్లుగా అడుగుతున్నాం: ఇంటర్నెట్‌లో అందరికీ, గ్రంథాలయంలో వినడానికి మాత్రమే, ఫలానా ఏడు దాకా మూత. చదువు రానివాళ్లకు కాగితం చదివి వినిపించి, వాళ్ల మాటల్లోనే సమ్మతిని రికార్డు చేస్తాం. సాయుధ పోరాట ఇంటర్వ్యూల్లో హత్యలు, ఇన్‌ఫార్మర్ల పేర్లు వస్తాయి, ఫ్లోరోసిస్ ఇంటర్వ్యూల్లో జబ్బుల సంగతులుంటాయి. ఇంకా బతికున్న మూడో మనిషి పేరు ఉన్న భాగం బయటికి పోయే ప్రతిలో మూగబోతుంది. మాస్టర్‌లో అలాగే ఉంటుంది.

పాడినవాళ్ల కుటుంబాలకు, మేళాలకు ప్రతులు ఇవ్వడం ఈ పనిలో భాగమే. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే సీ90కి 86 ఎంబీ, 8 జీబీ మెమరీ కార్డులో 138 గంటలు. చిన్న ఫోన్లలో కూడా ఆడేలా కార్డును ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైలు పేర్లు ఇక్కడ మాత్రం తెలుగులో, కథ పేరుతో పెడతాం.

ఎవరి గొంతో తెలియని టేపులకు వేరే పద్ధతి. ఒక్కో పక్క నుంచి నిమిషం ముక్క, ప్రధాన గొంతు ఒంటరిగా వినిపించే చోటు, వంతపాట వినిపించే చోటు, రెండూ తీస్తాం. వాటిని ఆ కథ పాడే కుటుంబాల పెద్దలకు వినిపిస్తాం. వినేవాళ్లకు ముందుగా ఏ పేరూ చెప్పకూడదు, లేబుల్ మీది ఊరు కూడా చెప్పకూడదు. పేరు చెప్పినవాళ్లు ఎలా గుర్తుపట్టారో, గొంతునుబట్టా, సాకీ తీసే తీరునుబట్టా, వంత పాడిన మనిషినిబట్టా, అది కూడా రాస్తాం. ఒకరికొకరు సంబంధం లేకుండా ఇద్దరు అదే పేరు చెబితే ‘గుర్తించినది’ గడిలోకి పోతుంది. ఒక్కరే చెబితే ‘చెప్పినది’ గడిలో, చెప్పినవారి వివరంతో ఆగుతుంది. ఇప్పుడు నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు శారద కథల (తంబుర మీటుతూ పాడే కథల) ముక్కలు సిద్ధమయ్యాయి. దేవరకొండ వైపువి తర్వాత.